కొళాయి లేని వీధికి వచ్చిన మేడం

మేడం పోయారన్న కబురు మాకు కొళాయి దగ్గర తెలిసింది. పొద్దున నీళ్లు వదిలే వేళ అది. నా కడవ సగం నిండింది. వెనక మా తోడికోడళ్లు వరసగా నిలబడి ఎవరింట్లో ఏం కూరో చెప్పుకుంటున్నారు. మా ఆయన ఫోను చేత్తో పట్టుకుని ఇంట్లోంచి మా వైపు వచ్చాడు. ఆ వేళకు మా వీధి మగవాళ్లు కొళాయి వైపు రారు. ఆయన్ని చూడగానే అందరం అటు తిరిగాం.

"అనంతపురం నుంచి ఫోన్ చేసినారు. మేడం పోయినారంట. నిద్దర్లోనే పోయినారంట," అన్నాడు.

ఎవరమూ ఏడవలేదు. ఎవరమూ కొళాయి కట్టనూ లేదు. నా కడవ నిండి, పొర్లి, నీళ్లు వీధి వెంట పారి వాగులోకి, అదే మా వంకలోకి దిగాయి. మా ఊళ్లో నీళ్లు అలా ఊరికే పారిపోవడం నేను చూసింది అప్పుడే. చివరికి మా అత్త కర్ర పొడుచుకుంటూ వచ్చి కొళాయి తిప్పేసి, "ఆయమ్మ చూసింటే తిట్టేది గదా," అంది. అప్పుడు ఏడ్చాం.

మేడం అంటే యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం, ప్రభుత్వ విధానాల విభాగంలో పాఠాలు చెప్పిన మేడం. ఆమె జ్ఞాపకంగా విభాగం వేస్తున్న ఈ సంచిక చదివే మీలో చాలామందికి ఆమె గురువు. నాకు గురువూ కాదు, చుట్టమూ కాదు. అయినా విభాగం వాళ్లు ఫోన్ చేసి నన్నూ రాయమన్నారు. దిగులుగా రాద్దామని కూర్చుంటాను, నాలుగు మాటలు రాసేసరికి నవ్వొస్తుంది. ఏం చెయ్యను? ఆమె మా ఊరికి వచ్చిన ప్రతిసారీ మాకు తిరునాళ్ల లాగే ఉండేది. ఆమెను తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడమంటుంది, బస్సు ఊళ్లోకి వచ్చిందని పిల్లలు అరిచినప్పటి లాగా.

నా పుట్టిల్లు బెళుగుప్ప వైపు. ఏడో తరగతి దాకా చదివాను. ఆ పైన బడి దూరమని మాన్పించారు. పెళ్లయి కళ్యాణదుర్గం దగ్గరున్న ఈ ఊరికి వచ్చాను. వచ్చిన కొత్తలో నేను తలుపు వెనక నుంచే మాట్లాడేదాన్ని. ఎవరైనా గడపలోకి వచ్చి ఏదైనా అడిగితే తల ఊపేదాన్ని. అవునని ఊపానో కాదని ఊపానో వాళ్లకు తెలిసేది కాదు. "నీ కోడలికి మాటలు పుట్టింట్లో పెట్టి పంపించినారా?" అని పక్కింటావిడ మా అత్తను అడిగేది.

మా వీధి ఊరికి ఒక చివర, వంకకు అవతల ఉంటుంది. వంకలో నీళ్లుండవు, ఇసుక ఉంటుంది. మాకు దగ్గరున్న కొళాయి వంకకు ఇవతల, పై వీధిలో ఉండేది. కడవ చంకన పెట్టుకుని వంక దిగి, అటు గట్టు ఎక్కి, నీళ్లు పట్టుకుని, మళ్లీ వంక దిగి, ఇటు గట్టు ఎక్కాలి. ఎండాకాలం ఇసుకలో కాలు దిగబడి కడవ తొణికితే ఆ నీళ్లు నేలలోకి పోయే చప్పుడు కూడా వినిపించేది. ఆ ఏడాది నేను కడుపుతో ఉన్నాను.

ఒక రోజు యూనివర్సిటీ బస్సు వచ్చింది. తలకు టోపీలు, మెడలో గుర్తింపు కార్డులు, చేతుల్లో అట్టలు పట్టుకుని విద్యార్థులు దిగారు. మా ఊళ్లో నీళ్లు ఎవరికి అందుతున్నాయి, ఎవరికి అందడం లేదు అని తెలుసుకుని, ఊరికి ఒక ప్రణాళిక రాసిచ్చే పని వాళ్లది. మా వీధికి కళ్లద్దాల అమ్మాయి ఒకతి వచ్చింది. ఎండకు ముఖం కందిపోయి ఉంది. గడపలో నిలబడి మొదటి ప్రశ్న అడిగింది. మీ వీధి పేరేంటి అని.

నేను మా అత్తను చూశాను. మా అత్త నన్ను చూసింది.

ఇది చదివి మీరు నవ్వుకోవచ్చు, నవ్వుకోండి. మా వీధికి మా మామ పేరే పేరు. వంక అవతల మొదట ఇల్లు కట్టింది ఆయన. ఆయన తర్వాత ఆయన తమ్ముళ్లు కట్టుకున్నారు, ఆ తర్వాత కొడుకులు. ఆయన పోయి చాలా ఏళ్లయింది, వీధి మాత్రం ఆయన పేరుతోనే ఉంది. మా ఇళ్లల్లో ఆడవాళ్లు భర్త పేరు, మామ పేరు, బావ పేరు నోటితో పలకరు. మా వీధిలో ఉన్న ఆడవాళ్లందరికీ ఆయన భర్తో, మామో, బావో అవుతాడు. అంటే మేం ఉంటున్న వీధి పేరు మాలో ఒక్కరమూ పలకలేం. పోస్టుమ్యాన్ వచ్చినా, రేషన్ కాడ అడిగినా ఎవరో ఒక బడి పిల్లను పిలిచి చెప్పించేవాళ్లం. ఆ రోజు పిల్లలు బడిలో ఉన్నారు. మగవాళ్లు బెంగుళూరు పనులకు పోయారు. ముసలివాళ్లు మేకల వెంట కొండకు పోయారు.

ఆ అమ్మాయి ఇంటి యజమాని పేరు అడిగింది. అదీ చెప్పలేకపోయాం. కాసేపు చూసి, పక్కింటికి పోయింది. అక్కడా అంతే. వీధి చివరిదాకా పోయి, చివరికి అట్ట చంకన పెట్టుకుని వంక దాటి వెళ్లిపోయింది. పాపం, ఆ పిల్ల తప్పేముంది? పేరు లేకపోతే ఆమె కాగితంలో ముందుకు పోవడానికి దారి లేదు.

తర్వాత ఏం జరిగిందో ఆ అమ్మాయే నాకు చెప్పింది. విభాగంలో గోడకు మా ఊరి పటం పెద్దదిగా గీసి తగిలించారట. మా వీధి ఉన్న చోట ఖాళీగా ఉందట. వంక అవతల వాళ్లు ఏ ఇబ్బందీ చెప్పలేదు మేడం, నీళ్లు బాగానే వస్తున్నట్టున్నాయి అని విద్యార్థులు చెప్పారట. మేడం వేరుశనగకాయ ఒలుచుకుంటూ ఆ ఖాళీనే చూస్తూ నిలబడి, "ఈడికి ఎవరు రాలేదు?" అని అడిగారట. మా వైపు ఈడికంటే ఇక్కడికి.

అది ఆమె అలవాటు, మీకందరికీ తెలుసు. ఏ గదిలోకి వచ్చినా వచ్చిన వాళ్లను లెక్క పెట్టేవారు కాదు, రాని వాళ్లను వెతికేవారు. సభ ఎంత నిండుగా ఉన్నా అదే మాట. "ఈడికి ఎవరు రాలేదు?"

మరుసటి వారమే మేడం మా వీధికి వచ్చారు. కారు వంకకు ఊరి వైపే ఆపించి, చెప్పుల్లో ఇసుక పోసుకుంటూ నడిచి వచ్చారు. మా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగారు. నేను చెంబుతో ఇచ్చాను. ఆమె తాగబోతూ నా చేతి వైపు చూశారు. చెంబు అంచున జారిన చుక్కను నేను వేలితో లోపలికి తోసి ఇచ్చానట. నాకది తెలియదు కూడా. మాకందరికీ అలవాటే.

"ఈ నీళ్లు యాడ నుంచి తెచ్చినావు తల్లీ?"

వంక అవతలికి చెయ్యి చూపించాను.

"మీ వీధి పేరేమ్మా?"

మళ్లీ నేను మా అత్తను చూశాను, మా అత్త నన్ను చూసింది. మేడం మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఆమెది కూడా మా వైపు పల్లెటూరే కదా, ఒక్క నిమిషంలో పట్టేశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. ఎంత నవ్వారంటే పొలమారి చెంబు పక్కన పెట్టేశారు. మా అత్తకు కోపం వచ్చింది, ఆ తర్వాత ఆమెకూ నవ్వొచ్చింది.

"అంటే వీధి మొత్తంలో వీధి పేరు జెప్పే ఆడమనిషి లేదు. అంతే గదా అక్కా?"

"మా మగోళ్లు జెప్తారు లే మేడమ్మా, ఉగాదికి వస్తారు," అంది మా అత్త.

"ఉగాది దాకా ఈ పిల్ల కడుపుతో వంక ఎక్కి దిగల్లనా?"

మా అత్త నవ్వు ఆపేసింది. నా వైపు చూసింది. ఆ రోజు నుంచి నా కడవలు మా తోడికోడళ్లు వంతులు వేసుకుని మోశారు. అది మేడం చెప్పి చేయించింది కాదు, మా అత్త చేయించింది. కానీ ఆ ప్రశ్న అడిగింది మేడం.

ఆ తర్వాతి వారం విద్యార్థులు మళ్లీ వచ్చారు. ఈసారి అట్టలు తేలేదు. ముగ్గుపిండి బస్తా తెచ్చారు. చక్కగా ఇస్త్రీ చొక్కాలు వేసుకున్న మగపిల్లలు బస్తా మోసుకుంటూ వంక దాటి వస్తుంటే చూడాలి. పసుపు, వేపాకు, ఇటుక ముక్కలు కూడా తెచ్చారు. బడి ముందున్న ఖాళీ స్థలంలో మా వీధి ఆడవాళ్లందరినీ పోగు చేశారు. ఊరి పటం మేమే వెయ్యాలట, ముగ్గుతో.

మేడం నన్ను పిలిచారు. నేను మా అత్త వెనక్కు జరిగాను. ఆమె దగ్గరికి వచ్చి ముగ్గుపిండి నా గుప్పిట్లో పోసి, "నీ పేరు కూడా అడగను లే. మీ ఊరు ఎట్లుంటాదో వేసి చూపించు, అంతే," అన్నారు.

వేశాను. మొదట బస్సు ఆగే చోటు, అక్కడి నుంచి పై వీధి, బడి, రేషన్ అంగడి, వంక. వంక వేస్తుంటే చెయ్యి దానంతటదే వంకర పోయింది. వెనక నుంచి ఒక్కొక్కరూ మాట కలిపారు. మా ఇల్లు ఆడ కాదు, ఇంకా ఇటు అని ఒకరంటే, ఏమే, నీ ఇల్లు అంత పెద్దదా అని ఇంకొకరు. ఇద్దరు ఒక గోడ కోసం నిజంగానే పోట్లాడుకున్నారు, ఆ గోడ పటంలో జానెడు కూడా లేదు. మా చిన్నత్త తన ఇంటి ముందు రంగులు పోసి తామరపువ్వు వేసింది. నాకు సిగ్గు ఎప్పుడు పోయిందో తెలియదు. మోకాళ్ల మీద పాకుతూ, కొంగు నడుముకు చుట్టుకుని వేస్తూనే ఉన్నాను.

కొళాయిలకు గుర్తు ఏం పెడదామని అనుకుంటుంటే మేడం తన సంచి బోర్లించారు. దాన్నిండా వేరుశనగ పొట్టు. మా వైపు వాటిని బుడ్డలు అంటాం. ఎక్కడికి పోయినా ఆమె వేయించిన బుడ్డలు తింటూ ఉండేవారు, పొట్టు కింద వెయ్యకుండా సంచిలోనే వేసుకునేవారు. ఒక పొట్టు ఒక కొళాయి అన్నారు. విద్యార్థులూ మేమూ కలిసి పెట్టాం. బస్సు ఆగే చోట ఒకటి, పై వీధిలో అక్కడక్కడ, బడి కాడ ఒకటి. వంక దాటాక ఒక్కటీ లేదు. అందరం లేచి నిలబడి చూశాం. కళ్లద్దాల అమ్మాయి నా పక్కనే ఉంది. మేము ఆ రోజు ఆగి ఉంటే బాగుండేది అక్కా అంది మెల్లగా. మేము పిలిచి ఉండాల్సింది అన్నాను. నేను ఆమెతో మాట్లాడిన మొదటి మాట అదే.

"అంతా బాగుండాది. నీ ఇల్లు యాడ?" అన్నారు మేడం.

చూసుకున్నాను. మా వీధిలో అందరి ఇళ్లూ వేసి నా ఇల్లు వెయ్యడం మరిచిపోయాను. అందరూ ఒకటే నవ్వు. మేడం నవ్వలేదు. ముగ్గుపిండి చేతికిచ్చి, నేను నాలుగు గీతలు గీసి ముగించేదాకా అక్కడే కూర్చున్నారు.

గ్రామసభ కూడా ఆ పటం దగ్గరే పెట్టించారు. మామూలుగా మా ఊళ్లో గ్రామసభ పంచాయతీ ఆఫీసులో జరుగుతుంది. మగవాళ్లు లోపల కుర్చీల్లో ఉంటారు. ఆడవాళ్లం బయట మెట్ల మీద కూర్చుని లోపల ఏం జరిగిందో అడిగి తెలుసుకుంటాం. సర్పంచన్న ముగ్గును చూసి, గ్రామసభకు ముగ్గెందుకప్పా, పెండ్లి చేస్తారా ఏమి అని ఎగతాళి చేశాడు. కానీ బాగుందనుకుంటా, చుట్టూ తిరిగి తన ఇల్లు ఎక్కడుందో వెతుక్కున్నాడు.

మేడం ముందే ఒక షరతు పెట్టారు. విభాగం వాళ్లు గ్రామసభలో నోరు తెరవకూడదు. ఇది ఊరి వాళ్ల సభ, మనం వినడానికి వచ్చాం అని విద్యార్థులకు గట్టిగా చెప్పారు. ఆమె కూడా చివరి వరసలో నేల మీద కూర్చున్నారు.

ఆ ఏటికి ఊరికి ఒకే ఒక్క కొత్త కొళాయి మంజూరైంది. దాన్ని రేషన్ అంగడి దగ్గర పెట్టాలని పై వీధి పెద్దాయన ఒకరు అడిగారు. అక్కడ జనం ఎక్కువ వస్తారు, మాటలో న్యాయం లేకపోలేదు. పంచాయతీ సెక్రెటరీ రాసుకోబోతూ, ఇంకెవరైనా అడిగేవాళ్లున్నారా అన్నాడు. మా తోడికోడళ్లు నన్ను చూశారు. నేను మేడంను చూశాను. ఆమె చేతిలో ఒలవని బుడ్డ ఒకటి ఉంది. దాన్ని గట్టిగా పట్టుకుని నేలకేసి చూస్తున్నారు. ఆమె మాట్లాడితే క్షణంలో అయిపోయేది. ఆమె మాట్లాడరని నాకు అర్థమైంది.

లేచాను. మాట రాలేదు, అందుకే నడిచాను. ముగ్గు చెరగకుండా పై వీధి వెంట నడిచి, వంక దాటి, మా వీధి చివర నిలబడ్డాను. అంతే, ఇంకేం చెయ్యాలో తెలియలేదు. అప్పుడు వెనక చప్పుడైంది. మా చిన్నత్త వచ్చి తన తామరపువ్వు పక్కన నిలబడింది. మా తోడికోడళ్లు ఒక్కొక్కరూ వచ్చి వాళ్ల వాళ్ల ఇళ్లల్లో నిలబడ్డారు. మా అత్త కర్ర పొడుచుకుంటూ వచ్చి మా ఇంట్లో నిలబడింది. వంక అవతల వీధి నిండిపోయింది.

"సరేమ్మా, మీ వీధికి కావల్ల. వీధి పేరు జెప్పు, రాసుకుంటా," అన్నాడు సెక్రెటరీ.

"వంక అవతల," అన్నాను.

"వంక అవతల అంటే చేన్లు కూడా వస్తాయి గదమ్మా. కాగితంలో ఎక్కాలంటే పేరుండల్ల."

సర్పంచన్నకు మా వీధి పేరు తెలుసు. ఊరందరికీ తెలుసు. ఆయన చెప్పబోయి, ఎందుకో ఆగాడు. నేనేం చెప్తానో వినాలనుకున్నాడేమో. నాకు కిందనున్న పొట్టు కనిపిస్తోంది. వంకకు ఆ గట్టు దాకా ఉంది, మా వైపు లేదు.

"రాసుకోండన్నా. కొళాయి లేని వీధి," అన్నాను.

మొదట సర్పంచన్న నవ్వాడు. తర్వాత అందరూ. పై వీధి పెద్దాయన కూడా నవ్వుతూ, పెట్టించండప్పా వాళ్లకే, మాకు వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. సెక్రెటరీ నేను చెప్పిన పేరే రాశాడు. నేను మేడం వైపు చూశాను. ఆమె చేతిలోని బుడ్డను అప్పుడు ఒలిచారు. రెండు గింజలు నోట్లో వేసుకుని, నా వైపు చూడకుండా, ముఖమంతా నవ్వుగా కూర్చున్నారు.

చెప్పినంత తొందరగా కొళాయి రాలేదు. నా కూతురు పుట్టింది, బోర్లా పడింది, పాకింది. ఆ లోగా విద్యార్థులు మా ఊరి ప్రణాళిక రాసి ఆఫీసుల చుట్టూ తిరిగారు. వాళ్లు రాసిన ప్రతిదీ మేడం మా వీధికి పంపి చదివి వినిపించమనేవారు. పిల్లను ఒళ్లో వేసుకుని వినేదాన్ని. ఒకసారి ఒక అబ్బాయి చదువుతుంటే మా అత్త నిద్రపోయింది. అతను అది మేడంకు చెప్తే, అయితే మళ్లీ రాయి అన్నారట. రెండోసారి తెచ్చినప్పుడు మా అత్త మేలుకుని ఉంది, పైగా రెండు చోట్ల తిట్టింది. ఆ అబ్బాయి సంతోషంగా వెళ్లిపోయాడు.

ఎండలు ముదరకముందే పైపు వంక దాటింది. మొదటిసారి నీళ్లు వదిలే రోజు మేడం వచ్చారు. రిబ్బను కత్తిరించమంటే వద్దన్నారు. కడవ నింపి తనే చంకన పెట్టుకుని మా ఇంటిదాకా మోస్తానన్నారు. నాలుగు అడుగుల్లోనే సగం నీళ్లు ఆమె చీర మీద పోయాయి. మా అత్త కడవ లాక్కుని, "మేడమ్మా, మీకు చదువే మేలు," అంది. తడిసిన చీరతోనే మా అరుగు మీద కూర్చుని సంగటి తిని వెళ్లారు.

ఆ ఏడాది పల్లెల్లో చేసిన పనికి యూనివర్సిటీలో ఆ విభాగానికే మొదటి బహుమతి వచ్చింది. పండగ చేసుకుంటున్నాం, మీరు లేకపోతే ఎట్లా అని బస్సు పంపారు. మా వీధి ఆడవాళ్లం అందరం పోయాం. బస్సులో పాడని పాట లేదు. నేను అంత పెద్ద భవనంలోకి అడుగు పెట్టడం అదే మొదలు. మా పటాన్ని హాలులో వెయ్యమన్నారు. వేద్దామంటే నున్నటి బండలు, ముగ్గు నిలవదు, ఫ్యాను గాలికి లేచిపోతుంది. మేడం విద్యార్థులను పంపి ఎర్రమట్టి తెప్పించి హాలు నిండా పరిపించారు. ఊడ్చే ఆమె తల పట్టుకుంది. ఎవరో పెద్దాయన వచ్చి ఇదేంటి మేడం, హాలంతా మట్టి అంటే, ఈ హాలుకు ఇన్నేళ్లకు ఊరు వచ్చింది, ఉండనీండి సార్ అన్నారు మేడం.

మధ్యాహ్నం నమూనా పార్లమెంటు. విద్యార్థులు మంత్రులు, ఎంపీలు అయి వాదించుకుంటారు. ఎంత గోలో! స్పీకరుకు గంట బదులు మేడం ఎప్పుడూ స్టీలు గ్లాసు, చెంచా పెట్టేవారట. ఉన్నట్టుండి మేడం నన్ను తీసుకుపోయి స్పీకరు కుర్చీ ముందు నిలబెట్టారు. భయమేస్తాంది మేడం అన్నాను.

"ముందు కూచో. తర్వాత భయపడు," అన్నారు.

కూర్చున్నాను. కూర్చున్నాక భయపడటానికి తీరిక దొరకలేదు. ఎవరు ఎక్కువసేపు మాట్లాడితే వాళ్లకు గ్లాసు కొట్టాలి. కొట్టడం మొదలుపెట్టాక బాగుంది. చివర్లో మేడం లేచి మాట్లాడారు. అందరూ చప్పట్లు కొడుతున్నారు, ఆమె మాట్లాడుతూనే ఉన్నారు. ఇచ్చిన సమయం అయిపోయింది. హాలంతా నా వైపు చూస్తోంది. నేను చెంచా ఎత్తి గ్లాసు మీద టంగుమని కొట్టాను.

మేడం వాక్యం మధ్యలోనే ఆపి, మొదటి తరగతి పిల్లలా గబుక్కున కూర్చున్నారు. హాలు పైకప్పు లేచిపోయేటట్టు నవ్వులు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆమే. ఇంటికి వచ్చాక ఆ సంగతి మా ఆయనకు చెప్తే నమ్మలేదు. ఇప్పటికీ సగమే నమ్ముతాడు.

ఆమె మంచితనం గురించి ఇంకా చెప్పవచ్చు, కానీ ఆమెకు పొగడ్తలు నచ్చేవి కావు. కోపం కూడా ఎక్కువే. ఆలస్యంగా వచ్చిన విద్యార్థుల మీద అరిచేవారు. మా చిన్నత్త గ్రామసభకు రెండుసార్లు రాకపోతే ఇంటికొచ్చి మరీ తిట్టారు. నేను బయటికి రాని రోజుల్లో ఫోన్ చేసి, ఏమ్మా, మళ్లీ తలుపు వెనక్కు పోయినావా అనేవారు. ఇప్పుడు ప్రతి గ్రామసభకూ పోతున్నాను. చాలాసార్లు ఏమీ మాట్లాడను. కానీ పోగానే చుట్టూ చూసి ఎవరు రాలేదో చూసుకుంటాను.

సంతాప సభకు మళ్లీ బస్సు పంపారు. ఈసారి బస్సులో పాటలు లేవు. ఎర్రమట్టి మేమే బస్తాల్లో నింపుకుని పోయాం. విభాగం ముందు పెద్ద బ్యానరు కట్టారు. దాని మీద మేడం పేరు, పేరు వెనక చదువులన్నీ పెద్ద అక్షరాలతో ఉన్నాయి. మా అత్తకు చదువు రాదు. ఏమని రాసినారే అని అడిగింది. చదవబోయాను. మా ఇంట్లో కొన్ని పేర్లు ఎందుకు పలకమో నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. ఈ పేరు పలకకూడదని ఎవరూ అనలేదు. అయినా నోరు రాలేదు.

"మేడం అని రాసినారు అత్తా."

"మేడం అంటే అంత పొడుగుంటాదా?"

"ఉంటాది," అన్నాను.

భవనం ముందు నేల మీద మట్టి పరిచి, మా ఊరు వేశాం. బస్సు ఆగే చోటు, పై వీధి, బడి, రేషన్ అంగడి, వంక. మా చిన్నత్త తామరపువ్వు వేసింది. ఈసారి నా ఇల్లు ముందుగా వేశాను. మేడం ఫొటోను మా వీధి చివర, కొళాయి ఉన్న చోట పెట్టాం. పూల బదులు, పక్కన ఒక చాటలో వేయించిన బుడ్డలు పెట్టాం.

జనం రావడం మొదలైంది. విద్యార్థులు, ఎప్పుడో చదివి పోయిన వాళ్లు, ఇప్పుడు ఆఫీసుల్లో పని చేస్తున్న వాళ్లు, మా సర్పంచన్న, పై వీధి పెద్దాయన. కళ్లద్దాల అమ్మాయి కూడా వచ్చింది, ఇప్పుడు ఒక కాలేజీలో పాఠాలు చెప్తోంది. మేమెవరికీ ఏమీ చెప్పలేదు. అయినా ఒక్కరూ ఇళ్ల మీద అడుగు వెయ్యలేదు. అందరూ బస్సు ఆగే చోట లోపలికి వచ్చి, పై వీధి వెంట నడిచి, బడి దగ్గర మలుపు తిరిగి, వంక దాటి మా వీధిలోకి వచ్చారు. వంక దగ్గర కొందరు నిజంగా దిగుతున్నట్టు చీర కుచ్చిళ్లు, ప్యాంట్లు కాస్త పైకెత్తుకున్నారు. ఒక్కొక్కరూ చాటలోంచి ఒక బుడ్డ తీసుకుని, ఒలిచి గింజలు నోట్లో వేసుకుని, పొట్టు ఫొటో ముందు పెట్టి పోయారు.

సాయంత్రం అందరూ వెళ్లాక చూశాం. వీధుల్లో ముగ్గు గీతలు పోయి అడుగులే మిగిలాయి. ఇళ్లన్నీ అట్లాగే ఉన్నాయి, తామరపువ్వు కూడా. ఆనాడు ఒక్క పొట్టు కూడా లేని మా వీధి చివర ఇప్పుడు పొట్టు కుప్పగా పోసి ఉంది. గాలి వచ్చినప్పుడల్లా అందులోంచి కొన్ని దొర్లి, వంక దాటి, ఊరంతా పోతున్నాయి.